మీ ఇంట్లో టీవీ సౌండు ఎంత?

చాయ్ తెచ్చుకున్నారా? కూర్చోండి మరి. ఇవాళ మన ఇళ్లల్లో రోజూ జరిగే ఒక గొడవ సంగతి తేల్చేసుకుందాం. టీవీ సౌండు. ఆయన పెంచుతారు, మనం తగ్గిస్తాం. ఆయన మళ్లీ పెంచుతారు. పక్క గదిలో పదో తరగతి పిల్ల పుస్తకం మూసేసి బయటికొచ్చి, ఇద్దరినీ కలిపి ఓ చూపు చూసి పోతుంది.

ఒక్క టీవీయేనా? వంటింట్లోంచి మూడుసార్లు పిలిచినా ఉలకరు, పలకరు. బియ్యం అయిపోయాయంటే ఇంకేదో అన్నామనుకుని జవాబు చెబుతారు. హాస్టల్ నుంచి అమ్మాయి ఫోన్ చేస్తే "సరే సరే, మీ అమ్మకిస్తా" అనేసి ఫోన్ మన చేతిలో పెట్టేస్తారు. పెళ్లికి తీసుకెళ్తే నలుగురిలో కూర్చోకుండా ఓ మూల కుర్చీ చూసుకుంటారు. మనకేమో లోపల చివుక్కుమంటుంది. 'నా మాటంటే లెక్కే లేదు' అనుకుంటాం. ఆ కోపంతో ఎన్ని రాత్రులు అటు తిరిగి పడుకోలేదూ?

ఒక్క మాట అడుగుతాను, చెప్పండి. ఆయన పని చేసేది ఎక్కడ? సాంచాల షెడ్డులోనా? గ్రానైట్ కోసే చోటా? స్పిన్నింగు మిల్లులోనా, రైసు మిల్లులోనా? జనరేటర్ల దగ్గరా, రోడ్డు పగలగొట్టే డ్రిల్లు మీదా? అయితే ఆ కోపాన్ని కాసేపు చీరకొంగున ముడేసి పక్కన పెట్టండి. ఆయన మనల్ని పట్టించుకోవడం మానేయలేదేమో. చెవులే సాయం చేయడం మానేశాయేమో.

సిరిసిల్ల వెళ్లినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. బీవై నగర్ లాంటి వాడల్లోకి అడుగు పెట్టకముందే ఆ టకటక వినిపిస్తుంది. మరమగ్గాలని పేపర్లు రాస్తాయి గానీ ఊళ్లో అందరూ సాంచాలనే అంటారు. షటిల్ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పరుగెత్తుతుంది. వెళ్లేటప్పుడు ఒక కర్ర దాన్ని కొట్టి పంపుతుంది, ఆ చివర పెట్టెకు తగిలి ఆగుతుంది. ఆ కొట్టడం, ఆ ఆగడం నిమిషానికి నూటికి పైనే జరుగుతాయి. అలాంటి సాంచాలు వరసగా ఎన్నో, పైన రేకులు, చుట్టూ ఉత్త గోడలు. పుట్టిన చప్పుడు బయటికి పోయే దారి లేక అక్కడక్కడే కొట్టుకుంటుంది. అందులో ఒక్కో కార్మికుడు నాలుగో ఎనిమిదో సాంచాలు చూసుకుంటూ పన్నెండు గంటల షిఫ్టు నిలబడతాడు. కండెలు చుట్టే ఆడవాళ్లు కూడా ఆ చప్పుడు అంచునే కూర్చుంటారు. కాబట్టి ఈ ముచ్చట ఆయన గురించే అనుకోకండి. మన చెవుల గురించి కూడా.

కొంచెం లెక్క చెప్పనా? విసుక్కోకండి, తేలికే. చప్పుడును డెసిబెల్స్‌లో కొలుస్తారు. మనం మామూలుగా మాట్లాడుకుంటే 60 దాకా ఉంటుంది. రోజుకు 8 గంటల పాటు 85 దాకా ఫరవాలేదని అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ చెబుతుంది. మన దేశంలో ఫ్యాక్టరీల నిబంధనలు 8 గంటలకు 90 దాకా ఒప్పుకున్నాయి. షటిల్ సాంచాలు నడిచే షెడ్డులో 90 దాటడం మామూలే, 100 దగ్గరికి పోవడమూ వింత కాదు. 85 దగ్గర్నుంచి 100కి పెరిగింది పదిహేనే కదా అనిపిస్తుంది. అక్కడే మోసపోతాం. ఈ లెక్కలో 3 పెరిగినప్పుడల్లా చప్పుడులోని శక్తి రెట్టింపవుతుంది, మన చెవికి ఉన్న గడువు సగమవుతుంది. 88కి 4 గంటలు. 91కి 2. అలా దిగుతూ దిగుతూ 100కి వచ్చేసరికి పావుగంట. పావుగంట దాటకూడని చోట పన్నెండు గంటలు నిలబడితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

మరి నష్టం ఎక్కడ జరుగుతుంది? చాలామంది కర్ణభేరి పగిలిందేమో అనుకుంటారు. అది బాంబు పేలినట్టు ఒక్కసారిగా పెద్ద చప్పుడైతే జరిగేది. రోజువారీ చప్పుడు ఇంకా లోపల పని చేస్తుంది. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగం ఉంటుంది. దాంట్లో సన్నని వెంట్రుకల్లాంటి మొనలున్న కణాలు, ఒక్కో చెవికి సుమారు 15 వేలు, పుట్టుకతోనే వస్తాయి. శబ్దాన్ని పట్టి మెదడుకు పంపేవి ఇవే. గాలివానకు పడిపోయిన వరి మర్నాటికి కాస్త తల ఎత్తినట్టు, ఒక రోజు చప్పుడుకు వాలిన ఈ కణాలు కూడా కోలుకుంటాయి. షిఫ్టు దిగాక చెవులు మూసుకుపోయినట్టుండి, గుయ్‌మని మోగి, తెల్లారేసరికి సర్దుకుంటాయే, అది ఇదే. "పొద్దున్నకల్లా బాగైపోయింది, ఏం కాదులే" అని మనమూ ఊరుకుంటాం. కానీ రోజూ అదే దెబ్బ పడితే కొన్ని చచ్చిపోతాయి. చచ్చిపోయినవి మనిషికి మళ్లీ మొలవవు. మందుల్లేవు, ఆపరేషన్ లేదు. ఈ మాట చేదుగా ఉందని తెలుసు. తెలిసే చెబుతున్నాను, ఎందుకంటే దీన్ని రాకుండా ఆపడం మాత్రం నూటికి నూరు పాళ్లు మన చేతుల్లో పనే.

ఇంకో చిక్కుంది. ముందు పోయేది సన్నని, పై స్థాయి శబ్దాలు. 4 వేల హెర్ట్జ్ చుట్టుపక్కల మొదలవుతుంది ఈ నష్టం. స, శ, ఫ, చ లాంటి అక్షరాలకు పదును ఆ పైస్థాయిలోనే ఉంటుంది. దాంతో ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు మగవాళ్లకంటే సన్నం కదా, అవే ముందు జారిపోతాయి. ఇప్పుడు అర్థమైందా, అరుగు మీద మీ బావగారు పిలిస్తే పలికి, వంటింట్లోంచి మీరు పిలిస్తే ఎందుకు పలకరో? మీరు ఇన్నాళ్లూ దాన్ని ఎన్ని రకాలుగా అనుకున్నారో నాకు తెలుసు. పోనీలెండి.

గట్టిగా అన్నామనుకోండి, "ఎందుకట్లా అరుస్తవ్?" అని కస్సుమంటారు. అదీ పెంకితనం కాదు. దెబ్బతిన్న చెవికి మెల్లని శబ్దం అందదు, పెద్ద శబ్దం మాత్రం మనకెంత గట్టిగా తగులుతుందో అంత గట్టిగానూ తగులుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువగా. మధ్యలో ఉండే మెత్తని మెట్టు పోయింది. పైగా చెవిలో రాత్రంతా ఈల, నిద్ర ఉండదు. అలాంటి మనిషి చిరాకు పడకుండా ఎలా ఉంటాడు చెప్పండి?

ఈ చెవుడును తలరాత అనుకునేవాళ్లున్నారు. ఇది ఎప్పుడో తేలిన విషయమమ్మా. మూడొందల ఏళ్ల కిందటే రామజ్జినీ అనే ఇటలీ డాక్టరు, వెనిస్‌లో రాగి గిన్నెలు కొట్టేవాళ్లకు చెవుడు వస్తోందని రాశాడు. 1886లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో థామస్ బార్ అనే డాక్టరు బాయిలర్లు చేసే కార్మికుల చెవులు పరీక్షించి అదే సంగతి చూపించాడు. తలరాత అయితే ఊరు మారినా, దేశం మారినా చప్పుడు పని చేసేవాళ్లనే వెతుక్కుంటూ వస్తుందా?

సరే, భయపెట్టింది చాలు. పనిలోకి దిగుదాం.

ముందుగా ఆ షెడ్డులో చప్పుడు హద్దు దాటిందో లేదో తెలుసుకోవడానికి మీటర్లూ అవీ అక్కర్లేదు. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్న మనిషితో మాట్లాడడానికి గొంతు పెంచాల్సి వస్తోందా? అయితే దాటినట్టే అనుకోండి. షిఫ్టు దిగాక చెవులు మూసుకుపోయినట్టున్నా, గుయ్‌మన్నా అదీ గుర్తే. ఫోన్లో చప్పుడు కొలిచే యాప్‌లు ఉచితంగానే ఉంటాయి. వాటి అంకె అటూ ఇటూ కావచ్చు గానీ ఆసామికి, అదే షెడ్డు యజమానికి, చూపించి మాట్లాడడానికి ఆసరా అవుతుంది.

రెండోది చెవుల్లో పెట్టుకునే బిరడాలు, అదే ఇయర్ ప్లగ్గులు. మెత్తని ఫోమువి రెండు మూడు చాయ్‌ల డబ్బుతో వచ్చేస్తాయి. దూది పెట్టుకుంటున్నాం కదా అంటారు మనవాళ్లు. దూది పెద్దగా ఆపదు, తృప్తి తప్ప. ప్లగ్గు పెట్టుకోవడానికి ఒక పద్ధతుంది, మీరే దగ్గరుండి నేర్పించండి. చేతులు కడుక్కోవాలి. వేళ్ల మధ్య నలిపి సన్నని వత్తిలా చేయాలి. రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, వత్తిని లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాలి. సరిగ్గా కూర్చుంటే తన గొంతు తనకే బొంగురుగా, తల లోపల మోగినట్టు వినిపిస్తుంది. సగం బయటికి వేలాడుతుంటే అది పెట్టుకున్నట్టే కాదు. మురికైనవి పారేయాలి, లేకపోతే చెవిలో చీము పట్టి ఇంకో తంటా. చెవి కారేవాళ్లు, ప్లగ్గు దురద పెట్టేవాళ్లు చెవుల మీద పెట్టుకునే ఇయర్ మఫ్‌లు వాడొచ్చు. ఎండాకాలం రేకుల కింద వాటితో చెమట పడుతుంది, ఆ మాట నిజమే. అయినా ప్లగ్గు పడనప్పుడు వేరే దారి లేదు.

"పెట్టుకుంటా గానీ మధ్యమధ్యలో తీస్తా" అంటారు చూడండి, అక్కడ మాత్రం ఒప్పుకోవద్దు. ఎంత మంచి ప్లగ్గయినా 8 గంటల్లో అరగంట తీసేసి ఆ చప్పుడులోనే నిలబడితే, మొత్తం మీద మిగిలే లాభం 12 డెసిబెల్స్ మించదు. 30 తగ్గిస్తుందని డబ్బా మీద రాసి ఉన్నా సరే. తీయాలనుకుంటే షెడ్డు బయటికొచ్చి తీయమనండి. అన్నం డబ్బా కూడా బయట చెట్టు కిందే విప్పమనండి. చెవికి ఆ అరగంటే విశ్రాంతి.

"ప్లగ్గు పెడితే సాంచె చప్పుడు తెలియదు, పోగు తెగితే ఎట్లా?" ఇది వంక కాదు, నిజమైన భయమే. నేత పనివాడు కంటితో ఎంత చూస్తాడో చెవితోనూ అంత చూస్తాడు. మొదటి వారం పది రోజులు కొత్తగా, కాస్త బెదురుగానే ఉంటుంది. అయితే ప్లగ్గు అన్ని శబ్దాలనూ కిందికి దించుతుందే తప్ప మాయం చేయదు. సాంచె మాట తేడా వస్తే ఆ తగ్గిన చప్పుడులోనే పట్టుకోవడం చెవి నేర్చుకుంటుంది. అప్పటికే వినికిడి బాగా తగ్గినవాళ్లకు మాత్రం ఇబ్బంది ఎక్కువ ఉంటుంది. వాళ్లు డాక్టరును అడిగి తమకు తగినది తీసుకోవాలి.

కుర్రాళ్లకు ఇంకో జాడ్యం పట్టుకుంది. షెడ్డులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వింటారు. సాంచాల చప్పుడును మించి వినపడాలంటే ఫోన్ సౌండు ఎంత పెట్టాలో ఆలోచించండి. చెవికి ఇది రెండో దెబ్బ. మీ అబ్బాయో తమ్ముడో ఆ పని చేస్తుంటే ఈ వారమే మాన్పించండి. ఆదివారం బరాత్‌లో డీజే డబ్బా ముందు రెండు గంటలు ఎగరడం కూడా ఆ ఖాతాలోకే వస్తుంది. ఎగరొద్దనను, డబ్బాకు దూరంగా ఎగరమనండి.

ఆసామితో మాట్లాడాల్సినవి కొన్నున్నాయి. అరిగిపోయిన భాగాలు మార్చడం, వదులైన బోల్టులు బిగించడం, నూనె పెట్టడం, సాంచె కాళ్ల కింద రబ్బరు దిమ్మెలు వేయించడం. వీటితో చప్పుడంతా పోదు. అయినా కొంత తగ్గుతుంది, అదురు తగ్గుతుంది, పక్కింటివాళ్ల దీవెనలూ దక్కుతాయి. ఒక్కరు అడిగితే విసుక్కుంటారు, పదిమంది కలిసి అడిగితే వింటారు. ఇంకా చెప్పాలంటే ఇది దయతో చేసేది కాదు. వృత్తి వల్ల వచ్చే జబ్బుల జాబితా మన కార్మిక చట్టాల్లో ఉంది. సిలికోసిస్ లాంటి వాటితో పాటు చప్పుడు వల్ల వచ్చే వినికిడి లోపం కూడా అందులో ఉంది. పెద్ద ఫ్యాక్టరీల్లో, ఈఎస్‌ఐ ఉన్నచోట్ల దాని మీద పరిహారం అడగొచ్చు. నాలుగు సాంచాలున్న చిన్న షెడ్డుకు ఆ చట్టాలు అందకపోవడం మన దౌర్భాగ్యం. ఎక్కువమంది పని చేసేది అక్కడే.

మనలో కడుపుతో ఉన్నవాళ్లెవరైనా ఉన్నారా? మీకు ప్రత్యేకంగా ఒక మాట. ఐదో నెల దాటాక పొట్టలో బిడ్డ చెవి తయారై ఉంటుంది. మీరు ప్లగ్గు పెట్టుకుంటే మీ చెవులకు రక్ష, బిడ్డకు కాదు. చప్పుడు ఒంట్లోంచి లోపలికి పోతుంది. కండెలు చుట్టే రాట్నాన్ని సాంచాలకు దూరంగా జరిపించుకోండి, వీలైతే ఆ నెలలు ఇంటి దగ్గరే పని తెచ్చుకోండి. పొట్ట యంత్రానికి ఆనించి నిలబడొద్దు. ఇంటిని ఆనుకునే షెడ్డు ఉంటే పిల్లల ఉయ్యాల, చదువుల బల్ల ఆ గోడ పక్కన వేయొద్దు.

ఇప్పటికే వినికిడి తగ్గినవాళ్ల సంగతేంటి అంటారా? ఉన్నదాన్ని కాపాడుకోవడమే ముందు. చెవిలో వేడి నూనె పోయకండి, పిన్నీసులూ అగ్గిపుల్లలూ పెట్టి తిప్పకండి. ఒక్కోసారి గుబిలి గట్టిపడి కూడా వినపడదు. అదయితే డాక్టరు తీసేస్తే తేలిపోతుంది, ఎంత అదృష్టం! షుగరు ఉంటే అదుపులో పెట్టుకోవాలి, సిగరెట్టు మానాలి. ఏ జబ్బుకైనా డాక్టరు దగ్గరికి పోయినప్పుడు "మా ఆయన చప్పుడులో పని చేస్తారు" అని ముందే చెప్పండి. కొన్ని యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు చెవిని దెబ్బ తీస్తాయి, తెలిస్తే వేరేది చూస్తారు. ఇంకొకటి, రాత్రికి రాత్రి ఒక చెవి పూర్తిగా వినపడడం ఆగిపోతే అది సాంచాల పని కాకపోవచ్చు. ఆరోజే ఆసుపత్రికి పరుగెత్తండి. ఆలస్యమయ్యేకొద్దీ మందు పని చేసే అదను తగ్గిపోతుంది.

వినికిడి యంత్రం పెట్టుకుంటే ముసలాడినంటారని మగవాళ్లకు నామోషీ. కళ్లజోడుకు లేని నామోషీ దీనికెందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు. మన సినిమాలు కూడా ఆ పాపం కొంత కట్టుకున్నాయి, చెవిటి పాత్ర వచ్చిందంటే చాలాసార్లు నవ్వించడానికే. యంత్రం పెట్టగానే చెవి మునుపటిలా అయిపోదు. మొదట్లో గిన్నెల చప్పుడు కూడా భరించలేనట్టు ఉంటుంది. అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆ కొన్ని వారాలు మీరు ఓపిక పట్టాలి. షెడ్డులో మాత్రం యంత్రం తీసేసి ప్లగ్గే పెట్టుకోవాలి. ఆపేసిన యంత్రం ప్లగ్గు పని చేయదు. డబ్బుల బెంగ ఉంటే, ఆదాయం తక్కువున్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద వినికిడి యంత్రాలు ఇస్తారు. జిల్లా ఆసుపత్రిలో అడగండి.

ఇంట్లో మాట్లాడే తీరు కూడా మార్చుకుందాం. వంటింట్లోంచి కేకలు వద్దు, ఎదురుగా వెళ్లి, మొహం వెలుతురులో ఉండేలా నిలబడి చెప్పండి. మిక్సీ ఆపి, టీవీ మ్యూట్ చేసి మాట్లాడండి. అరవకండి, మామూలు గొంతుతోనే నిదానంగా అనండి. ఒక మాట రెండుసార్లు అర్థం కాకపోతే అదే మాటను మూడోసారి అనే బదులు ఇంకోలా చెప్పండి. అన్నిటికంటే ముఖ్యం, ఆయన "ఏమన్నావ్?" అంటే "ఏం లేదులే" అనకండి. మనకది చిన్న మాట. వినపడనివాళ్లకు మాత్రం తలుపు మొహం మీద వేసినట్టుంటుంది. అలాంటివి పది అయ్యాకే వాళ్లు అడగడం మానేసి మూల కుర్చీ వెతుక్కుంటారు.

పరీక్షకు తీసుకెళ్లాలి కదా, "నీకు చెవుడొచ్చింది, పద" అంటే ఏ మగాడూ రాడు. "షుగరు చూపించుకున్నట్టే ఇదీ చూపిద్దాం, నేనూ చేయించుకుంటా" అనండి. నిజంగానే చేయించుకోండి కూడా. చెవి డాక్టరు చూశాక చప్పుడు రాని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, కూత వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కమంటారు. నొప్పీ గిప్పీ ఏమీ ఉండదు. ముందు రోజు షిఫ్టు చేసి వెళ్లొద్దు. కనీసం 14 గంటలు చప్పుడుకు దూరంగా ఉంటేనే లెక్క సరిగ్గా వస్తుంది, కాబట్టి సెలవు రోజు మర్నాడు పొద్దున్నే పోవడం మంచిది. కొత్తగా పనిలో చేరే అబ్బాయి ఉంటే చేరకముందే ఒకసారి చేయించండి. రేపు తేడా వస్తే ఎప్పుడొచ్చిందో ఆ కాగితమే చెబుతుంది. గీతలున్న ఆ చీటీని ఆధార్ కార్డుతో పాటు దాచండి, ఫోన్లో ఓ ఫొటో కూడా తీసి పెట్టండి. కాగితం భద్రంగా పెట్టి, ఎక్కడ పెట్టామో మరిచిపోయే ఇళ్లే కదా మనవి.